తోక చూసి మోసపోకండి

“పేరు గొప్ప, ఊరు దిబ్బ” అన్న సామెతను మనవాళ్ళు కంప్యూటరు పుట్టకముందే కట్టారు గాని, అది కంప్యూటరు ఫైళ్ళకు అతికినంత చక్కగా మరి దేనికీ అతకదు.

సాధారణంగా ఫైలు పేరు చివర ఒక తోక వుంటుంది. డాట్ జెపిజి అంటే ఫోటో. డాట్ ఎంపి3 అంటే పాట. ఆ తోకను చూసే మనం సరుకును పోల్చుకుంటాం. కాని అది అతికించిన తోక! ఎవరైనా క్షణంలో ఊడబెరికి మరొకటి తగిలించవచ్చు. లోపలి సరుకు మాత్రం మారదు. పెళ్ళి శుభలేఖ గదా అని ఫోనుకు వచ్చిన ఫైలును నొక్కి, బ్యాంకులో దాచుకున్న డబ్బు పోగొట్టుకున్నవారు వున్నారు. శుభలేఖ పేరుతో వచ్చినది దొంగ ప్రోగ్రాము.

మరి అసలు రూపు తెలిసేదెట్లా? లినక్స్, మాక్ వంటి యూనిక్స్ కుటుంబపు కంప్యూటర్లలో ఇందుకొక పరీక్షకుడున్నాడు. ఆయన పేరు కూడా ‘ఫైల్’ అనే! 1973 నవంబరు నాటి యూనిక్స్ నాలుగవ కూర్పులోనే ఈ ఆజ్ఞ వున్నది. 1986-87లో ఇయాన్ డార్విన్ దీన్ని మొదటినుంచీ కొత్తగా రాశారు. నేడు ఎక్కువ వాడుకలో వున్నది ఆ ప్రతి సంతానమే.

వాడటం సులువు. టెర్మినల్ తెరిచి, ఇంగ్లీషు చిన్న అక్షరాలలో ‘ఫైల్’ అని కొట్టి, కాస్త ఖాళీ విడిచి, అనుమానం వున్న ఫైలు పేరిచ్చి, ఎంటర్ నొక్కటమే. పేరుకు బదులు నక్షత్రపు గుర్తు పెడితే ఫోల్డరులోని వాటన్నిటి సంగతీ వరుసగా చెబుతుంది.

ముందుగా అది ఫైలా, ఫోల్డరా, ఉత్త ఖాళీదా అని చూస్తుంది. తరువాత లోపలి బైట్లను చదివి, తన దగ్గరున్న ‘మేజిక్’ పట్టికతో పోలుస్తుంది. జెపిజి ఫోటో మొదటి రెండు బైట్లు 255, 216. పిడిఎఫ్ ముందు శాతం గుర్తు, ఆ వెంటనే పిడిఎఫ్ అన్న అక్షరాలు. ఇటుకల బట్టీవారు ఇటుక మీద తమ పొడి అక్షరాలు అచ్చు వేయరూ? అట్లాగే జిప్ ఫైలు మొదట వుండే ‘పి, కె’ దాన్ని రూపొందించిన ఫిల్ కాట్జ్ గారి పొడి అక్షరాలు. విండోస్ ప్రోగ్రాముల తలమీది ‘ఎం, జెడ్’ మార్క్ జ్బికోవ్‌స్కీ గారివి. ఆండ్రాయిడ్ యాప్ కూడా జిప్ మూటే గనుక, దానికి ఫోటో తోక తగిలించినా ‘పి, కె’ దాగదు!

పట్టికకు చిక్కనిదైతే, అది చదవదగిన అక్షరాలేనా అని చూస్తుంది. యూనికోడ్ తెలుగు వ్యాసాన్ని ఇస్తే ‘యుటిఎఫ్-8 టెక్స్టు’ అంటుందే గాని, తెలుగని చెప్పలేదు పాపం!

ఒక్క హెచ్చరిక. ఈ పరీక్షకుడు జాతి చెబుతాడు, నీతి చెప్పడు. నిజమైన పిడిఎఫ్‌లో కూడా విషం దాచవచ్చు. మొదటి బైట్లను దొంగచాటుగా దిద్దనూవచ్చు. అయినా, ఫోటోనని వచ్చినది ఫోటో కాదని తేలితే, అంతకంటే పెద్ద సాక్ష్యం ఏం కావాలి?

ముక్కూ మొగమూ తెలియని ఫైలు గుమ్మంలోకి వచ్చినప్పుడు, తెరిచి చూడబోయే ముందు అడిగి చూడటం మేలు.