కావలివాని కేక

రాయలసీమలో 'సెప్టిక్' అను మాటను ఎరుగనివారు లేరు. కర్నూలు, కడప జిల్లాల మెట్టచేలలో వేరుసెనగ పెరుకువేళ కాలిలో తుమ్మముల్లు విరిగినను, నాపరాతి గనిలో బండ అంచు తగిలి వ్రేలు చిట్లినను, ఇంటిలోని పెద్దలు మొదట చెప్పు మాట ఒక్కటే: "బాగా కడుక్కో నాయనా, సెప్టిక్ అయితాది." ఈ మాట ఇంగ్లీషు ద్వారా మన పల్లెలకు వచ్చినను దీని పుట్టినిల్లు గ్రీసు దేశము. కుళ్ళుట అని దీని అర్థము.

పుండు చీము పట్టుట వేరు. దాని మూలమున మనిషి ప్రాణము మీదికి వచ్చుట వేరు. ఈ రెండవదానినే వైద్యులు 'సెప్సిస్' అందురు. సూక్ష్మజీవి రక్తములో చేరి విషము చిమ్ముటచేతనే మనిషి మరణించునని సామాన్యముగా అనుకొందురు. ఇది సగము సత్యము మాత్రమే. 2016లో వివిధ దేశముల వైద్యనిపుణులు కూడి చెప్పిన నిర్వచనము ప్రకారము, సూక్ష్మజీవులు సోకినప్పుడు శరీరము చూపు ప్రతిస్పందన అదుపు తప్పి, తన అవయవములనే దెబ్బతీసి, ప్రాణాపాయము కలిగించుటయే సెప్సిస్. శత్రువు వెలుపలినుండియే వచ్చినను, ఇల్లు కూలుటలో ఇంటివారి చేయి కూడ కలదన్నమాట. అది ఎట్లు జరుగునో తెలిసికొన్నగాని, ఇట్టి రోగి విషయమున ప్రతి గంటయు ఎందులకు విలువైనదో అర్థము కాదు.

కర్నూలు నడిబొడ్డున కొండారెడ్డి బురుజు నేటికిని నిలిచియున్నది. విజయనగర రాజుల నాటి కోటలో మిగిలిన అట్టి బురుజుపై నిలుచు కావలివానికి దూరమున ధూళి లేచిన చాలును. వచ్చువాని పేరు, ఊరు తెలియనక్కరలేదు. కేక వేసి కోటలోనివారిని మేల్కొలుపుట అతని ధర్మము. మన చర్మము క్రిందను, ఊపిరితిత్తులలోను, ప్రేగుల గోడలలోను ఇట్టి కావలివారు అహోరాత్రములు మేల్కొనియే యుందురు. వీరు భక్షక కణములు. ఈ కణములకు కన్నులు లేవు. స్పర్శయే వాటి చూపు. వాటి పైపొరపై గ్రాహకములు అను మాంసకృత్తులు ఉండును. సూక్ష్మజీవుల పొరలలో మానవశరీరమునందెక్కడను కానరాని కొన్ని పదార్థములు కలవు. గ్రాహకము అట్టి పదార్థమును తాకినంతనే, వచ్చినది పరాయిదని కణమునకు తెలియును.

ఆ వార్త కణము లోపల ఒక మాంసకృత్తు నుండి వేరొకదానికి, దివిటీ చేతులు మారినట్లు సాగిపోవును. తుదకు 'ఎన్.ఎఫ్. కప్పా బి' అను దూత, అంతవరకు తన్ను ఆపియుంచిన కట్టు తెగిపోగా, కణకేంద్రమును ప్రవేశించి, నిద్రించుచున్న జన్యువులను మేల్కొలుపును. వెంటనే కణము సైటోకైనులు అను సందేశ పదార్థములను వెదజల్లును. వీటిలో టి.ఎన్.ఎఫ్., ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6 ముఖ్యమైనవి. ఇదియే కావలివాని కేక. ఇది ఎంత త్వరితముగా పాకునో పరిశోధకులు కొలిచి చూచిరి. తమంతట తాము ముందుకు వచ్చిన ఆరోగ్యవంతులకు సూక్ష్మజీవి పొరలోని పదార్థమును అతిస్వల్పముగా ఎక్కించగా, రమారమి రెండు గంటలలోనే రక్తమున టి.ఎన్.ఎఫ్. పతాకస్థాయికి చేరినది.

ముల్లు దిగిన చోట కనబడు ఎరుపు, వాపు, వేడి, నొప్పి, ఈ నాలుగును ఆ కేక ఫలితములే. అక్కడి రక్తనాళములు విప్పారును. వాటి గోడలు కొంత సడలును. లోపలి పొర జిగురు పట్టినట్లగుటచే, రక్తములో పరుగులిడు తెల్లకణములు అచట ఆగి, సందులగుండా వెలికి వచ్చి, సూక్ష్మజీవులను మ్రింగును. సందేశము మెదడునకు చేరిన జ్వరము వచ్చును. కాలేయమునకు చేరిన అది రక్షక మాంసకృత్తులను తయారుచేయును. పని ముగిసిన పిమ్మట ఇంటర్‌ల్యూకిన్-10 వంటి శాంతి సందేశములును, అడ్రినల్ గ్రంథుల కార్టిసాలును ఈ కలకలమును చల్లార్చును. మనకు తగిలిన గాయములలో చాలభాగము మనకు తెలియకయే ఇట్లు మానినవి.

ఇట్టి కేక మేలు చేయునదా, కీడు చేయునదా? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పినవి చిట్టెలుకలు. 1892 ప్రాంతమున జర్మనీలో రాబర్ట్ కాక్ శిష్యుడైన రిచర్డ్ ఫైఫర్, కలరా సూక్ష్మజీవులను చంపి, వాటినే గినీపందులకు ఎక్కించెను. చచ్చిన సూక్ష్మజీవులే అయినను ఆ జంతువులు మరణించినవి. విషము సూక్ష్మజీవి దేహములోనే ఇమిడియున్నదని ఆయన తలచెను. కనుక దానికి అంతర్విషము అను పేరు వచ్చినది. తరువాతి కాలమున ఒక వంశపు చిట్టెలుకలు ఈ అంతర్విషమునకు ఏమాత్రము చలింపకుండుట శాస్త్రజ్ఞులు గమనించిరి. ఎంత అదృష్టమని తోచును. కాని అదే వంశపు ఎలుకలు, ఇతర ఎలుకలు తట్టుకొనగలిగిన కొద్దిపాటి సజీవ సూక్ష్మజీవులు సోకినను మరణించుచుండెను.

ఈ చిక్కుముడిని 1998లో అమెరికాలో బ్రూస్ బాయిట్లర్ బృందము విప్పినది. ఆ ఎలుకలలో అంతర్విషమును గుర్తించు టి.ఎల్.ఆర్.-4 అను గ్రాహకము చెడిపోయియున్నది. అంతకు రెండేండ్ల ముందే ఫ్రాన్సులో జూల్స్ హాఫ్‌మన్ బృందము, పండ్లపై ముసరు చిన్న ఈగలలో 'టోల్' అను జన్యువు పనిచేయనిచో అవి బూజు సోకి మరణించుననియు చూపినది. ఎలుక గ్రాహకము ఈగలోని టోల్‌కు బంధువే. ఈ ఇరువురికిని 2011లో, రాల్ఫ్ స్టైన్‌మన్‌తో పాటు, నోబెల్ బహుమానము లభించినది. దీని సారాంశము విద్యార్థులు గుర్తుంచుకొనదగినది. అంతర్విషము చంపుట తన శక్తిచేత కాదు, కావలివాని కేకచేత. కేక వేయలేని ప్రాణి మొదటి శత్రువునకే బలియగును. కేక ఆగని ప్రాణి ఆ కేకకే బలియగును.

రాయలసీమవారికి ఈ సత్యము నీటి రూపమున అనుభవమే. సుంకేసుల వద్ద తుంగభద్ర నీరు తూముల గుండా, కొలత ప్రకారము కర్నూలు–కడప కాలువలోనికి దిగినప్పుడు పైరు పచ్చబడును. ఆ నీటి కొరకే మొగము వాచియుండు సీమలో, 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రి నదులు ఒక్కుమ్మడి పొంగి కర్నూలు పట్టణమును ముంచెత్తినవి. నీరు అదే, హద్దు మాత్రము పోయినది. సెప్సిస్‌లో జరుగునదియు ఇదే. గాయము చుట్టు ఉండవలసిన సందేశములు దేహమంతట వ్యాపించును. అన్ని రక్తనాళములును ఒకేసారి సడలి, రక్తములోని ద్రవము కణజాలములోనికి ఊరిపోవును. రక్తపీడనము పడిపోవును. సన్నని నాళములలో రక్తము చిన్నచిన్న గడ్డలు కట్టి దారి మూయును. మూత్రపిండములకు రక్తము చాలక మూత్రము తగ్గును; ఊపిరితిత్తులలో ద్రవము చేరి శ్వాస బరువగును; మనస్సు తికమకపడును. అరికాలికి ఔషధమైన వాపు ఒడలంతటికి విషమగును.

అట్లయిన ఆ కేకను నొక్కివేసిన చాలదా? పరిశోధకులు ఆ ప్రయత్నమును చేసిరి. 1987లో బబూన్ కోతులకు సూక్ష్మజీవులను ఎక్కించుటకు ముందుగానే టి.ఎన్.ఎఫ్.ను అణచు ప్రతిరక్షకములు ఇయ్యగా అవి బ్రతికినవి. ఆశలు చిగురించినవి. కాని 1990 దశకమున రోగులపై జరిగిన పరీక్షలు ఆ ఆశలను నిలుపలేదు. రోగి ఆసుపత్రి గడప తొక్కుసరికి మొదటి కేక వెలువడి చాల కాలమై, వేరు కంఠములు అనేకము దానితో కలిసియుండును. పైగా కావలివాని నోరు మూసిన శత్రువునకే లాభము.

ఈ సమస్యకు రెండు వైపులను తెలుగువారి పరిశ్రమ కానవచ్చుట మనకు గర్వకారణము. 1895లో భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకు నాయకత్వము వహించినపుడు, అక్కడ వెలువడిన ఆరియోమైసిన్ 1948లో లోకమునకు తెలిసినది. టెట్రాసైక్లిన్ వర్గమునకు చెందిన ఔషధములలో అదియే మొదటిది. అది శత్రువును కొట్టు ఆయుధము. కొత్తగూడెములో పుట్టి, కాకతీయ, ఉస్మానియా విశ్వవిద్యాలయములలో చదివిన కన్నెగంటి తిరుమలదేవి, అమెరికాలో మెంఫిస్ నగరమున సెయింట్ జూడ్ బాలల పరిశోధనా వైద్యశాలలో కావలివానినే పరిశీలించుచున్నారు. టి.ఎన్.ఎఫ్., ఇంటర్‌ఫెరాన్-గామా అను రెండు సందేశములు జతకూడినపుడు భక్షక కణములు తామే పగిలి చచ్చి, చుట్టునున్న కణజాలమును దెబ్బతీయునని ఆమె బృందము 2021లో ప్రకటించినది. ఈ రెంటిని కలిపి అడ్డగించినపుడు, సెప్సిస్ నమూనాగా తీసికొన్న ఎలుకలు మరణము నుండి తప్పించుకొన్నవి. ఎలుకలలో ఫలించినది మనుష్యులలోను ఫలించునని ముందుగా చెప్పరాదు. 1987 నాటి అనుభవమే ఇందుకు హెచ్చరిక. అయినను, కేకనంతటిని నొక్కక, అందులో చంపు స్వరమును ఏరి పట్టవలెనను దారి దీనివలన తెరచుకొన్నది.

అంతవరకు మన చేతిలోనున్న గొప్ప ఔషధము కాలమే. 2017లో ప్రపంచమున 4 కోట్ల 89 లక్షలమందికి సెప్సిస్ కలిగి, 1 కోటి 10 లక్షలమంది మరణించినట్లు అంచనా. సూక్ష్మజీవులను చంపు మందు, నరముగుండా ఎక్కించు ద్రవము సకాలమున అందినచో అనేకులు బ్రతుకుదురు. రక్తపీడనము పడిపోయిన రోగికి ఆ మందు గంటలోపలనే పడవలెనని వైద్యులు నియమము పెట్టుకొనిరి. కాని మెట్టసీమలోని మారుమూల పల్లెనుండి కర్నూలు, కడప పెద్దాసుపత్రులు చేరుటకే గంటలు పట్టును. ఇంటి అరుగుమీద "తెల్లవారి బస్సుకు పోదములే" అనుకొని గడపిన రాత్రియే కొందరికి కడరాత్రి యగుచున్నది.

కావున పెద్దల మాటకు బడిపంతుళ్ళు మరియొక వాక్యమును చేర్చి పిల్లలకు నేర్పుట మంచిది. గాయము కడుగుకొనుము, కాని గాయము గాని, జ్వరము గాని ఉన్న మనిషికి శ్వాస వేగము హెచ్చి, మాట తడబడి, చేతులు కాళ్ళు చల్లబడి, మూత్రము తగ్గిన యెడల తెల్లవారువరకు ఆగవలదు. ఒక్కొక్కప్పుడు జ్వరమునకు బదులు ఒడలు చల్లబడుటయు కలదు. లోపలి కావలివాడు తన కేక వేసియే యున్నాడు. అది వినవలసినవారు ఇక ఇంటివారే.