ఆటను ఎంచుకునే ముందు గంటలు లెక్కపెట్టండి



జూన్ నెలలో బడులు తెరిచిన మొదటి వారంలోనే మా డ్రిల్లు మాస్టారి గది ముందు పిల్లలు గుమిగూడతారు. "సార్, నన్ను కబడ్డీలో వేసుకోండి", "నన్ను ఖోఖోలో వేసుకోండి" అని ఒకటే గోల. పోటీల్లో ఆడాలనే ఆ ఉత్సాహం చూస్తే నాకు ముచ్చటేస్తుంది. కానీ "ఈ ఆటకు వారానికి ఎన్ని గంటలు పడతాయి?" అని అడిగినవాణ్ణి మాత్రం నేను ఇంతవరకు చూడలేదు.

అలా అడగని ఒక అబ్బాయి సంగతి చెబుతాను. తొమ్మిదో తరగతి చదివేవాడు. షటిల్ చక్కగా ఆడతాడని ఇంట్లోవాళ్లు పట్నంలో ఒక శిక్షణ కేంద్రంలో చేర్పించారు. తెల్లవారుజామున 4.30కు లేవాలి. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు సాధన. వారానికి ఆరు రోజులు. నా పాఠం జరుగుతుంటే బెంచీ మీద తలవాల్చి నిద్రపోయేవాడు. ఒకసారి కోప్పడ్డాను కూడా. కొన్ని నెలలకు మోకాలి కింద నొప్పి మొదలైంది. ఏడాది తిరక్కుండానే రాకెట్ అటకెక్కింది. ఆ పిల్లవాడు బద్ధకస్తుడు కాడు. లెక్క తప్పింది, అంతే. ఆ లెక్కేమిటో ఇప్పుడు మనం చేసి చూద్దాం.

కాగితం, పెన్సిలు తీసుకోండి. వారానికి 168 గంటలు. 13 నుండి 18 ఏళ్ల వయసువారికి రోజుకు 8 నుండి 10 గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతున్నారు. 9 గంటలు అనుకుంటే వారానికి 63. బడికి రోజుకు 8 గంటల చొప్పున ఆరు రోజులకు 48. స్నానం, భోజనం, బడికి రాకపోకలు కలిపి రోజుకు 3 గంటలు, అంటే 21. ఇంటి దగ్గర చదువు రోజుకు 2 గంటలు, అంటే 14. అన్నీ కూడితే 146. ఇక మిగిలింది 22 గంటలే. ఇంటిపని, స్నేహితులు, చుట్టాలు, పండుగలు అన్నీ ఈ 22లోనే ఇమడాలి.

మన అబ్బాయి సాధన రోజుకు 4 గంటల చొప్పున 24 గంటలు. రాకపోకలు దీనికి అదనం. 22లో నుండి 24 తీసివేయడం ఎలా? ఎక్కడో అప్పు చేయాలి. అతడు నిద్ర దగ్గర అప్పు చేశాడు.

"ఎక్కువసేపు ఆడితేనే కదా ఆట వచ్చేది?" అని మీరు అడగవచ్చు. కొంతవరకు నిజమే. అయితే శరీరంలో ఏం జరుగుతుందో గమనించండి. మనం పరుగెత్తినప్పుడు కండరాల్లో నిలవ ఉన్న గ్లైకోజన్ అనే ఇంధనం ఖర్చవుతుంది. కండరాల పోగులు కూడా అక్కడక్కడ కొద్దిగా దెబ్బతింటాయి. ఆ ఇంధనం మళ్లీ నిండేది, ఆ పోగులు బాగుపడి మునుపటికంటే గట్టిపడేది మనం ఆడుతున్నప్పుడు కాదు. తిని, విశ్రాంతి తీసుకుంటున్నప్పుడు. పెరుగుదలకు తోడ్పడే హార్మోను గాఢనిద్రలో ఎక్కువగా విడుదలవుతుంది. పగలు నేర్చుకున్న సర్వీసు, బంతి విసిరే పద్ధతి మెదడులో స్థిరపడటానికి కూడా నిద్ర తోడ్పడుతుంది. కాబట్టి విశ్రాంతి కూడా సాధనలో భాగమే!

మీ వయసువారికి ఇంకొక సంగతి ఉంది. మీ పొడవాటి ఎముకల చివరల దగ్గర మృదులాస్థి పొరలు ఉంటాయి. ఎముక పొడవు పెరిగేది అక్కడే. పెరుగుదల పూర్తయ్యాక అవి గట్టి ఎముకగా మారిపోతాయి. అంతవరకు అవి ఎముకకంటే మెత్తన. ఒకే రకం గెంతులు, ఒకే రకం విసుర్లు రోజూ గంటల తరబడి సాగితే ఆ మెత్తని చోట్ల ఒత్తిడి పడి నొప్పి పుడుతుంది. మన అబ్బాయి మోకాలి కింద వచ్చిన నొప్పి ఇలాంటిదే.

అందుకే క్రీడావైద్య నిపుణులు పిల్లలకు కొన్ని సూచనలు చేశారు. వారానికి చేసే శిక్షణ గంటలు మీ వయసు అంకెను దాటకూడదు. పదమూడేళ్లవారికి 13 గంటలు పై హద్దు అన్నమాట. అన్ని గంటలు ఆడితీరాలని దీని అర్థం కాదు! వారానికి కనీసం ఒక రోజు పూర్తి విశ్రాంతి ఉండాలి. ఏడాది పొడుగునా ఒకే ఆట కాకుండా మధ్యలో కొన్ని నెలలు మరో ఆట ఆడటం మంచిది.

ఇక ఆటను ఎంచుకోవడం ఎలా? నాలుగు ప్రశ్నలు వేసుకోండి. సాధన వారానికి ఎన్ని గంటలు? మైదానానికి రాకపోకలు ఎంత? పోటీ రోజున ఎంతసేపు పడుతుంది? ఏడాదిలో ఎన్ని నెలలు?

ఉదాహరణకు కబడ్డీ చూడండి. పెద్దల పోటీలోనే 20 నిమిషాల చొప్పున రెండు భాగాలు, మధ్యలో 5 నిమిషాల విరామం. బడి మైదానంలోనే వారానికి నాలుగు సాయంత్రాలు గంటంబావు చొప్పున సాధన చేస్తే 5 గంటలు. ఆదివారం పోటీకి 3 గంటలు కలిపినా 8. అదే క్రికెట్ కోసం దూరపు మైదానానికి వారానికి మూడు రోజులు వెళ్తే, సాధన 6 గంటలు, బస్సులో 4 గంటలు, ఆదివారం మ్యాచికి 8 గంటలు. మొత్తం 18! పరుగుపందెం సెకన్లలో ముగుస్తుంది గాని, మీ వంతు వచ్చేదాకా ఎండలో సగం రోజు కూర్చోవాలి. అదీ లెక్కలో వేయండి.

పోటీ అంటే శిక్షణ కేంద్రమే అక్కరలేదు. భారత పాఠశాల క్రీడల సమాఖ్య 14, 17, 19 ఏళ్లలోపు వారికి వేరువేరుగా పోటీలు జరుపుతుంది. మీ బడి జట్టుతో అక్కడికి చేరే దారి ఉంది. చిన్నప్పుడే ఒక ఆటకు కట్టుబడకపోతే వెనకబడతామనే భయమూ వద్దు. అస్సాంలోని ధింగ్ దగ్గర పల్లెలో పుట్టిన హిమాదాస్ మొదట ఫుట్‌బాల్ ఆడేది. తరువాత పరుగులోకి వచ్చి, 2018లో ఫిన్లాండులోని టాంపెరెలో 20 ఏళ్లలోపు వారి ప్రపంచ పోటీల్లో 400 మీటర్ల స్వర్ణం గెలిచింది.

మన అబ్బాయి సంగతి చెప్పి ముగిస్తాను. మోకాలు బాగుపడ్డాక పదో తరగతిలో మా బడి ఖోఖో జట్టులో చేరాడు. వారానికి నాలుగు సాయంత్రాలే సాధన. జట్టు మండలం దాటలేదు. కానీ ఓడిపోయిన రోజున కూడా "మళ్లీ ఎప్పుడు సార్ పోటీ?" అని అడిగాడు. నా పాఠంలో నిద్రపోవడం మానేశాడు కూడా!

ఈ వారం మీరు ఏ పనికి ఎన్ని గంటలు గడిపారో ఒక పుస్తకంలో రాసుకోండి. మిగిలిన గంటలెన్నో తేలాక, అందులో ఇమిడే ఆటను ఎంచుకోండి.