బల్బు మాడగొట్టింది ఎవరు?

పోయిన బుధవారం రాత్రి స్టోర్ రూములో గుండు బల్బు మాడిపోయిన సంగతి మీ అందరికీ తెల్సిందే. హాస్టలంతా ఎల్ఈడీ దీపాలొచ్చినా అక్కడ మాత్రం పాత 60 వాట్ల బల్బే ఉండేది. ఉప్పు ప్యాకెట్టు కోసం వెళ్ళిన ఆరో తరగతి తమ్ముడు స్విచ్ వేశాడు. టప్‌మని ఒక్క వెలుగు వెలిగి ఆరిపోయింది. ఇక చూస్కోండి, ఆ రోజు నుంచి వాడి పేరు "బల్బు" అయిపోయింది. "నువ్వేగా మాడగొట్టింది, నువ్వే కొనివ్వు" అని మన క్లాసువాళ్ళే అన్నారు. అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. వాడు అన్నం సగంలో వదిలేసి లేచిపోయాడు.

మర్నాడు ఆ బల్బు పట్టుకెళ్ళి ఫిజిక్స్ మాష్టారిని అడిగాను. ఆయన చెప్పిందీ, మేం ల్యాబులో చేసి చూసిందీ కలిపి రాస్తున్నాను.

ముందు ఒక లెక్క. 60 వాట్లను 230 వోల్టులతో భాగిస్తే కరెంటు 0.26 ఆంపియర్లు. అంటే వెలుగుతున్న బల్బు నిరోధం దాదాపు 880 ఓములు. మాష్టారు అలాంటిదే కొత్త బల్బు తీసి, వెలిగించకుండా మల్టీమీటరు పెట్టారు. ఎంతొచ్చిందో తెలుసా? 65 ఓములు! మీటరు పాడైందేమో అనుకున్నాం. కాదు. టంగ్‌స్టన్ తీగ చల్లగా ఉన్నప్పుడు నిరోధం అంత తక్కువ, తెల్లగా కాగాక పదమూడు రెట్లు పెరుగుతుంది. కాబట్టి స్విచ్ వేసిన క్షణాన పారేది 0.26 కాదు, మూడున్నర ఆంపియర్లు. సెకనులో పదో వంతు గడిచేసరికి తీగ కాగి కరెంటు మామూలుకొస్తుంది. మన కంటికి అదేం తెలీదు, "వేశాం, వెలిగింది" అంతే.

ఇలా ఒక నిలకడ నుంచి ఇంకో నిలకడకి పోయే మధ్య కాలంలో సర్క్యూట్లో జరిగే గందరగోళాన్నే ట్రాన్సియెంట్ అంటారు. మన పరీక్షల్లో అడిగేవన్నీ కుదురుకున్నాక ఉండే కరెంటు గురించే. కుదురుకోకముందు సంగతి ఎవరూ అడగరు. కానీ వస్తువులు ఎక్కువగా పాడయ్యేది అప్పుడే.

కళ్ళతో చూడాలంటే కెపాసిటర్ మంచిది. 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్, 10 కిలో ఓముల నిరోధం, 9 వోల్టుల బ్యాటరీ వరసగా కలిపాం. (ప్లస్సు మైనస్సు తిరగేయకండి, కెపాసిటర్ ఉబ్బి పగుల్తుంది.) ఆ రెండింటినీ గుణిస్తే 10 సెకన్లు వస్తుంది. దీన్ని కాలస్థిరాంకం అంటారు. లెక్క ప్రకారం 10 సెకన్లకి కెపాసిటర్ మీద 5.7 వోల్టులు, 20కి 7.8, 30కి 8.55, 50కి 8.94 ఉండాలి. మాకు పదో సెకనుకి 5.4 వచ్చింది. దానిమీద రాసిన విలువ ఇరవై శాతం దాకా అటూఇటూ ఉంటుందట.

మొదట గబగబా ఎక్కి తర్వాత నత్తనడక ఎందుకు? నిండు డ్రమ్ముకీ ఖాళీ డ్రమ్ముకీ అడుగున పైపు కలిపి చూడండి. మొదట్లో నీళ్ళు ఉరుకుతాయి. మట్టాలు దగ్గరపడేకొద్దీ తోసే బలం తగ్గి సన్నగా పారతాయి. అంతే. సెల్ చార్జరు పీకినా దాని ఎర్రలైటు కాసేపు వెలుగుతుందే, అది లోపలి కెపాసిటర్ ఖాళీ అవడమే.

రేడియోలూ టీవీలూ విప్పే మన రిపేరు వీరులు ఇది మాత్రం గట్టిగా గుర్తుంచుకోవాలి. 230 వోల్టుల ఏసీని డీసీగా మార్చి నింపితే కెపాసిటర్ 325 వోల్టుల దాకా ఎక్కుతుంది. ప్లగ్గు పీకేశాం కదా అని చెయ్యి పెడితే ప్రాణం మీదకొస్తుంది.

తీగచుట్టది ఇంకో తీరు. బరువు బండిని ఎడ్లు కదిలించడం కష్టం, కదిలాక ఉన్నపళంగా ఆపడం అంతకంటే కష్టం. చుట్టలో పారే కరెంటూ అంతే, హఠాత్తుగా మారనివ్వదు. లెంజ్ నియమంలో చదివాం కదా. దీన్ని స్వయం ప్రేరణ అంటారు, 1832లో జోసెఫ్ హెన్రీ ప్రకటించాడు. మోటారు నడుస్తుండగా ప్లగ్గు లాగితే నిప్పురవ్వ ఎగిరేది ఇందుకే. వాచ్‌మన్ తాత "ముందు స్విచ్ ఆపండ్రా" అని అరిచేది ఊరికే కాదు. ఆ ఎగదన్నే వోల్టేజితోనే పాత ట్యూబులైటు వెలుగుతుంది. స్టార్టర్ లోపలి పట్టీ విడిపోగానే చోక్‌లో కరెంటు తెగి కొన్ని వందల వోల్టులు పుడతాయి, ట్యూబు అంటుకుంటుంది. ఏసీ కరెంటు సెకనుకి వందసార్లు సున్నాకొస్తుంది. సరిగ్గా ఆ సమయానికి పట్టీ విడితే దెబ్బ చాలదు. అందుకే రెండు మూడుసార్లు మిణుక్కుమనేది. మనమేమో ట్యూబు పాతదైందని తిట్టుకుంటాం!

సరే, మన బల్బు దగ్గరికి వద్దాం. మాష్టారు దాన్ని కిటికీ వెలుగులో పెట్టి చూపించారు. గాజు లోపల నల్లగా మసి పట్టినట్టుంది. అది మసి కాదు, ఏళ్ళ తరబడి వెలిగి వెలిగి తీగ నుంచి ఆవిరైన టంగ్‌స్టన్. తీగ అన్నిచోట్లా సమంగా అరగదు, ఏదో ఒకచోట సన్నబడుతుంది. స్విచ్ వేయగానే వచ్చే పెద్ద కరెంటుకి ఆ సన్నచోటు మిగతా తీగ కంటే ముందే కాగి కరిగిపోతుంది. అంటే బుధవారం రాత్రి ఎవరు స్విచ్ వేసినా, వార్డెన్ గారే వేసినా, అది మాడేదే.

శుక్రవారం టిఫిన్ దగ్గర తమ్ముడికి ఈ మాట చెప్పాను. "మరి నన్నెందుకన్నారన్నా?" అన్నాడు. జవాబు చెప్పలేకపోయాను.

ఆ నల్ల బల్బు ల్యాబులో బల్లమీద ఉంది, చూడొచ్చు. ఆదివారం పది గంటలకి కెపాసిటర్ ప్రయోగం మళ్ళీ చేస్తాం. నేను మీటరు చదువుతాను. గడియారం పట్టుకుని సెకన్లు లెక్కపెట్టేది ఆరో తరగతి తమ్ముడు.