ఆంగ్లపదబోధనము – తెలుగులోని అన్యదేశ్యములు

ఆంగ్లము నేర్పుటకు ముందు ఏ పదములు నేర్పవలెనో ఎన్నుకొనుట ఇరువదవ శతాబ్దపు పూర్వార్ధమున బలపడిన పద్ధతి. ఢాకాలో ఉపాధ్యాయశిక్షణ నెరపిన మైకేల్ వెస్ట్ 1953లో ప్రకటించిన పట్టికలో సుమారు 2,000 ముఖ్యపదములు కలవు. ఒక్కొక్క పదమునకుగల అర్థములలో ఏది యెంత తరచుగా వచ్చునో కూడ చూపుట దాని విశేషము. అయితే ఆ లెక్క ఆంగ్లరచనలనుండి తీసినది. విద్యార్థి బడికి రాకమునుపే వానిలో కొన్ని అతని నోట తెలుగుమాటలై యున్నవను సంగతి దానివలన తెలియదు.

అన్యదేశ్యములు మన భాషలో చేరునపుడు అర్థసంకోచమునో అర్థవిపరిణామమునో పొందుట భాషాశాస్త్రవిద్యార్థు లెరిగినదే. తెలుగున ‘హోటలు’ ప్రధానముగా భోజనశాల; ఆంగ్లమున ప్రధానముగా బస. ‘కరెంటు’ మనకు విద్యుత్తే. ఆంగ్లమున నీటి ప్రవాహమును, గాలి ప్రవాహమును కూడ. ఇట్టి పదము పాఠమున వచ్చినపుడు విద్యార్థి తెలిసినదేయని దాటిపోవును. ఉపాధ్యాయుడును తరచుగా దాటిపోవును. కొత్తమాటకు నిఘంటువు తెరచువాడు దీనికి తెరవడు.

‘డౌటు’ మన తరగతులలో అడిగి తెలిసికొనదగిన విషయము. తమ ఉపన్యాసముపై నాకు డౌటులున్నవని విదేశాచార్యునకు ఆంగ్లమున వ్రాసినచో, ఆయన దానిని అవిశ్వాసముగా గ్రహింపవచ్చును.

అట్లని వీనిని కేవలము తప్పులని కొట్టివేయుట నాకు సమ్మతము కాదు. ‘కజిన్ బ్రదర్’ అను ప్రయోగమును చూడుడు. పెదతండ్రి కుమారుడు మనకు అన్నయో తమ్ముడో. మేనమామ కుమారుడు బావయో బావమరిదియో. ఆడపిల్లకు మొదటివాడు తోబుట్టువు వరుస కనుక వివాహము కూడదు. రెండవవాడు మేనరికమునకు తగినవాడు. ఆంగ్లమున వీరందరును, వీరి అక్కచెల్లెండ్రు సహితము, ‘కజిన్’లే. మన బంధుత్వవ్యవస్థకు చాలని మాటకు ‘బ్రదర్’ను తోడు చేసికొంటిమని నా అభిప్రాయము. భారతీయుల నడుమ అది చక్కగా చెల్లుచున్నది. జపానువానితోనో బ్రెజిలువానితోనో మాటాడునపుడు ‘మా తండ్రిగారి అన్న కుమారుడు’ అని ఆంగ్లమున విడమరచుట నేర్పవలెను.

ఇందులకు ప్రత్యేకగ్రంథ మక్కరలేదు. విద్యార్థులచే ఇంటను వీథిలోను వినవచ్చు ఆంగ్లపదములను వ్రాయించి, తెలుగులోని అర్థమును ఒకవైపు, నిఘంటువులోని అర్థములను మరియొకవైపు చేర్పించి, ఏ శ్రోతకు ఏది తెలియునో చర్చింపజేసిన చాలును. పరీక్షలలో మాత్రము, శ్రోత యెవరో చెప్పని ప్రశ్నకు సమాధానముగా ‘డౌటు’ను మన అర్థమున వాడినవానికి మార్కులు తగ్గించుట న్యాయము కాదు.