సున్నాకీ వందకీ మధ్య మన లెక్కలు

1991 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు కులాల మగవాళ్ళలో అక్షరాస్యులు నూటికి 41.9, ఆడవాళ్ళలో 20.9. 2001కి అవి 63.5, 43.3 అయ్యాయి. తీసివేత చేస్తే తేడా అప్పుడు 21, పదేళ్ళ తర్వాత 20.2. ఏమీ మారలేదనిపిస్తుంది. అదే, చదువొచ్చినవాళ్ళ సంఖ్యని రానివాళ్ళ సంఖ్యతో భాగిస్తే వచ్చేదాన్ని ఆడ్స్ అంటారు. మగవాళ్ళ ఆడ్స్ ఆడవాళ్ళ ఆడ్స్‌కి 1991లో 2.7 రెట్లు, 2001లో 2.3 రెట్లు. అంటే దూరం తగ్గింది. అంకెలు అవే, తీర్పులు రెండు. మన ఆడపిల్లల చదువు మీద తీర్పు చెప్పేది మోడలే అయినప్పుడు ఆ ఎంపికని కంప్యూటరుకి వదిలేస్తే ఎలా?

శాతానికి రెండు గోడలున్నాయి, కింద సున్నా, పైన వంద. మామూలు లీనియర్ మిక్స్‌డ్ మోడల్‌కి ఆ గోడలు తెలీవు. ఒక కాలనీలో 104 శాతం అక్షరాస్యులని అంచనా కట్టినా కట్టేస్తుంది. అది కంటికి కనిపించే తప్పు, పట్టుకుంటాం. కనిపించనిది ఇంకోటుంది. గోడ దగ్గరకొచ్చేకొద్దీ అంకెల చెదురు తగ్గిపోతుంది. మోడలేమో అన్నిచోట్లా ఒకే చెదురనుకుంటుంది. దాంతో స్టాండర్డ్ ఎర్రర్లు నమ్మదగ్గవి కాకుండా పోతాయి. అంకెలన్నీ 30కీ 70కీ మధ్యే ఉంటే మాత్రం సరళరేఖ చాలావరకు సరిపోతుంది, అనవసర హంగామా వద్దు.

1971లో శంకుస్థాపన జరిగిన విశాఖ ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఊళ్ళు ఖాళీ చేసినవాళ్ళ సంగతి తీసుకుందాం. నిర్వాసిత కుటుంబాలకి ఆర్ కార్డులిచ్చారు. కార్డున్న ఇళ్ళలో ఎన్నింటికి పర్మినెంటు ఉద్యోగమొచ్చిందని అగనంపూడి, వడ్లపూడి లాంటి పునరావాస కాలనీల్లో సర్వే చేస్తున్నామనుకోండి. ఒకే కాలనీ ఇళ్ళ బతుకులు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. ప్రతి ఇంటినీ విడి సాక్ష్యంగా లెక్కేస్తే మన దగ్గరున్న రుజువుని ఎక్కువ చేసి చెప్పినట్టే. మిక్స్‌డ్ మోడల్ ప్రతి కాలనీకీ తనదైన మట్టం ఉంటుందని ఒప్పుకుంటుంది. పది ఇళ్ళున్న వాడలో ఒక్కరికీ ఉద్యోగం రాకపోతే సున్నా అని ముద్ర వెయ్యకుండా, మిగతా వాడల సమాచారంతో కొంచెం పైకి లాగుతుంది. ఇక్కడే జాగ్రత్త పడాలి. మోడల్లో కులాన్ని పెట్టకపోతే ఆ లాగుడు అందరి సగటు వైపుకి సాగి, ఉన్న వివక్షనే తుడిచేస్తుంది.

మరి ఏ మోడల్? ముందు ఆ శాతం దేనితో తయారైందో అడగాలి. ఇన్ని ఇళ్ళలో ఇన్నింటికి అని లెక్కపెట్టిందైతే, శాతం చేసి మొత్తం ఇళ్ళ సంఖ్యని పారెయ్యొద్దు. లాజిట్ లింకుతో బైనామియల్ మిక్స్‌డ్ మోడల్ వాడాలి. పోర్టు కూలీకి నెలలో దొరికిన పనిరోజులూ లెక్కపెట్టినవే. కానీ ఓడ వస్తే వరసగా పని, రాకపోతే వరసగా ఖాళీ. బైనామియల్ ఊహించినదానికన్నా చెదురు ఎక్కువుంటుంది, అక్కడ బీటా-బైనామియల్ కావాలి. ఇంటి ఖర్చులో తిండికి పోయే వాటాలో లెక్కపెట్టడానికేం లేదు. దానికి బీటా రిగ్రెషన్. ఫెరారీ, క్రిబారి-నెటో 2004లో రాసిన వ్యాసంతో ఇది బాగా వాడుకలోకొచ్చింది. అయితే బీటాకి సరిగ్గా సున్నా, సరిగ్గా వంద పనికిరావు. ఖర్చులో వడ్డీకి పోయే వాటా సున్నా ఉన్న ఇళ్ళుంటాయి. అప్పు అక్కర్లేనివాళ్ళూ అందులోనే, అప్పు పుట్టనివాళ్ళూ అందులోనే! 0.001 కలిపి సర్దెయ్యడం కొందరికి అలవాటు. సున్నా ఎందుకొచ్చిందన్నది వేరే ప్రశ్న, జీరో-ఇన్‌ఫ్లేటెడ్ బీటాతో దాన్ని వేరేగానే అడగాలి.

ఫలితాన్ని మాత్రం ఆడ్స్‌లో వదిలెయ్యొద్దు. ముందు కాలనీవారీగా శాతాల్లోకి మార్చి, తర్వాత ఇళ్ళ సంఖ్యని బట్టి సగటు కట్టాలి. కరపత్రంలో వెయ్యాల్సింది నూటికి ఎన్ని ఇళ్ళన్నదే.