మాతృగర్భంలో రక్తహీనత: సూది గుచ్చకుండానే గుర్తింపు
మాతృగర్భంలోని మూడు చీకట్లను దివ్యఖుర్‌ఆన్ ‘జుమర్’ సూరా ప్రస్తావించింది. ఆ చీకట్లలోని శిశువుకు రక్తహీనత కలిగితే మనకెలా తెలుస్తుంది?

తల్లి రక్తం ఆర్‌హెచ్ నెగెటివ్, శిశువుది పాజిటివ్ అయినప్పుడు తల్లి దేహంలో పుట్టే యాంటీబాడీలు శిశువు ఎర్రకణాలను నాశనం చేయవచ్చు. పూర్వం దీనిని పసిగట్టడానికి గర్భంలోకి సూది దించేవారు. దానివల్ల గర్భానికే ప్రమాదం పొంచి ఉండేది.

రక్తహీనత ఉన్నప్పుడు రక్తం పలుచబడి వేగంగా ప్రవహిస్తుంది. డాప్లర్ స్కానింగ్ శిశువు మెదడు ధమనిలో ఆ వేగాన్ని కొలుస్తుంది. ఆ వయసు శిశువులకుండే మధ్యస్థ వేగానికి అది 1.5 రెట్లు మించితే వైద్యులు అప్రమత్తమవుతారు. 2000లో వెలువడిన పరిశోధన ఈ పద్ధతికి బలం చేకూర్చింది. అవసరమైతే బొడ్డుతాడు ద్వారా శిశువుకు రక్తం ఎక్కిస్తారు.

కనుక గర్భం నిలిచిన తొలినాళ్లలోనే తల్లి రక్తవర్గం తెలుసుకుందాం. నెగెటివ్ అని తేలితే కోడలిని నిందించవద్దు. వైద్యం చేయించి, ఫలితాన్ని అల్లాహ్‌కు అప్పగిద్దాం.