మూడేళ్ల ఆదివారాలు తినేసిన సంఖ్య

1903 అక్టోబరు 31. న్యూయార్క్‌లో అమెరికన్‌ మ్యాథమెటికల్‌ సొసైటీ సమావేశం. ప్రసంగించాల్సిన ప్రొఫెసర్‌ ఫ్రాంక్‌ నెల్సన్‌ కోల్‌ లేచాడు. మాట్లాడలేదు. సుద్దముక్క తీసుకుని 67 రెండ్లను వరసగా హెచ్చవేసి, వచ్చినదాంట్లోంచి ఒకటి తీసేశాడు. 14,75,73,95,25,89,67,64,12,927 వచ్చింది. పక్కకు జరిగి 19,37,07,721ని 7,61,83,82,57,287తో గుణించాడు. మళ్లీ అదే జవాబు! ఒక్క ముక్కా మాట్లాడకుండానే వెళ్లి కూర్చున్నాడు. హాలంతా చప్పట్లు.

గణితవేత్తల జీవిత కథలు రాసిన ఇ.టి.బెల్‌ చెప్పిన సంగతి ఇది. కాస్త మసాలా కలిపాడేమో గానీ, లెక్కలో మాత్రం తేడా లేదు.

ఇంతకీ ఏమిటా సంఖ్య గొప్ప? చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు... చిన్నప్పుడు విన్న కథే. ఆ బల్లకు 64 బదులు 67 గళ్లుంటే మొత్తం గింజలు సరిగ్గా ఇన్నే. 14 లక్షల 75 వేల కోటి కోట్ల పైమాటే!

ఇలా రెండ్లను గుణించి ఒకటి తీసేస్తే వచ్చే 3, 7, 31, 127 ప్రధాన సంఖ్యలు. అంటే ఒకటితోనూ, తమతోనూ తప్ప దేనితోనూ నిశ్శేషంగా భాగించలేం. అన్నీ అలా కుదరవు. 11 రెండ్లతో వచ్చే 2047... 23, 89ల లబ్ధం. ఎన్ని రెండ్లయితే కుదురుతుందో ఫ్రాన్స్‌కు చెందిన క్రైస్తవ సన్యాసి మెర్సెన్‌ 1644లో 257 దాకా జాబితా ఇచ్చాడు. అందులో 67 ఉంది. అంత పెద్ద సంఖ్యను పరీక్షించేదెవరు?

1876లో ఫ్రెంచి గణితవేత్త ల్యూకాస్‌ అది ప్రధాన సంఖ్య కాదని తేల్చాడు. కానీ ఏ సంఖ్యలతో భాగించవచ్చో చెప్పలేకపోయాడు. అదెలా అంటారా? కుండ కొనేటప్పుడు తట్టి చూస్తాం కదా... పగులుందని మోతే చెబుతుంది, ఎక్కడుందో చెప్పదు.

ఆ పగులునే కోల్‌ వెతికింది. దాన్ని భాగించే సంఖ్య ఏదైనా 134 ఎక్కంలోని సంఖ్యకు ఒకటి కలిపితే వచ్చేదే అయ్యుండాలి. 135, 269, 403... ఇలా ఒక్కోటీ చూసుకుంటూ పోతే అసలుది 14,45,580వ చోట దొరుకుతుంది! కోల్‌ శేషాల లెక్కలతో వీటిలో చాలావాటిని ముందే జల్లించేశాడు. అయినా చేతిలో ఉన్నది కాగితం, కలమే. ఎన్నాళ్లు పట్టిందని బెల్‌ తర్వాతెప్పుడో అడిగితే, మూడేళ్ల ఆదివారాలని జవాబిచ్చాడట. ఆ మూడేళ్లూ ఇంట్లోవాళ్లు ఏమనుకున్నారో!

ఇప్పుడు ఇదే లెక్క మామూలు కంప్యూటర్‌కు రెప్పపాటు పని. మెర్సెన్‌ జాబితాలో తప్పు ఇదొక్కటే కాదు. 257 కూడా తప్పే. ఉండాల్సిన 61, 89, 107 లేనే లేవు. మొత్తం సరిచూడటం పూర్తయ్యేసరికి 1947 వచ్చింది.